మనుషులు లేని మేడ ఫోటో

జర్మనీలో నా రెండో వేసవి ఆఖర్న హాంబర్గ్‌లో మా ఫోటో నడకల బృందం పేటలోని చిన్న లైబ్రరీలో ప్రదర్శన పెట్టింది. తలా ఒక్క ఫోటో. అందరివీ కిటికీలకి ఎదురుగా ఉన్న గోడకి తగిలించారు. నాది మాత్రం తలుపు పక్కన, కోట్లు తగిలించుకునే స్టాండు వెనక పెట్టారు. వేసవిలో కోట్లు ఎవరు వేసుకొస్తారులే అని ఊరుకున్నాను. ప్రారంభం రోజు సాయంత్రం వాన పడింది. వచ్చిన ప్రతివాడూ తడిసిన కోటు తెచ్చి నా ఫోటో ముందు తగిలించి, మిగతా ఫోటోలు చూడడానికి లోపలికి వెళ్లాడు. ఫోటోల కింద చీటీల మీద అందరి పేర్లూ ఉన్నాయి. నా చీటీ మీద మాత్రం 'భారతదేశపు అతిథి' అని ఉంది. రెండు వేసవులు వాళ్లతో సమానంగా నడిచినవాణ్ణి. నా పేరు పలకడం కష్టమైతే చూసి రాసుకోవచ్చు. రాయడానికి నోరు తిరగక్కర్లేదు కదా.

చిన్న విషయమే అంటారు మా వాళ్లు. నాకు చిన్నవి గుర్తుంటాయి. పైగా ఆ కోట్ల వెనక ఫోటో లేకపోతే నేను అనకాపల్లిలో మా బావ మేడ జోలికి వెళ్లేవాణ్ణే కాదు. దాన్ని కూలగొట్టకుండా ఆపాలని నేను పడ్డ పాట్ల గురించి ఎవరూ ఎక్కడా చెప్పరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. బిళ్లల మీద పూత పూసే యంత్రాలు చూసుకునే పని. ఆ యంత్రాలు తయారయ్యేది హాంబర్గ్ దగ్గర. కొత్త యంత్రం కొన్నప్పుడు కంపెనీ వాళ్లు నన్ను ఒక వేసవి అక్కడికి పంపారు, మరుసటి వేసవి మళ్లీ పంపారు. వారమంతా ఫ్యాక్టరీ. శనివారం, ఆదివారం పనిలేదు. ఆదివారం అక్కడ కొట్లు కూడా తెరవరు. అద్దె గది గోడలు చూస్తూ కూర్చోలేక, లైబ్రరీ బోర్డు మీద అంటించిన కాగితం చూసి ఆ నడకలకి వెళ్లాను. ప్రతి శనివారం ఒక పేట. ఎవరి కెమెరా వాళ్లది. నడిచేటప్పుడు కబుర్లు ఉండవు. చివర ఏదో ఒక పార్కులో గడ్డి మీద కూర్చుని, తీసినవి ఒకరికొకరు చూపించుకోవాలి.

నడిపించే ఆవిడ ఒకప్పుడు రైల్వే ఆఫీసులో నక్షాలు గీసి రిటైరైన పెద్దావిడ. ఒక్కో ఇంటి ముందు మమ్మల్ని నిలబెట్టి, కెమెరా ఎత్తనిచ్చేవారు కాదు. ముందు చూడండి అనేవారు. అయిదేసి అంతస్తుల పాత ఇళ్లు, ప్రతి తలుపు పైనా కట్టిన సంవత్సరం, కిటికీల మీద గచ్చుతో చేసిన ఆకులూ ఆడవాళ్ల ముఖాలూ. మధ్యలో హఠాత్తుగా ఏ అలంకారమూ లేని బల్లపరుపు గోడ ఒకటి వచ్చేది. యుద్ధంలో బాంబు పడ్డ చోట తర్వాత కట్టిన ఇల్లు అది. వాళ్ల పెద్ద పార్కులో నీళ్ల ట్యాంకు కోసం కట్టిన బురుజు ఒకటి ఉంది. నీళ్ల అవసరం తీరిపోయాక దాన్ని పడగొట్టలేదు. నక్షత్రాలు చూపించే హాలుగా మార్చుకున్నారు. ఎండ రాత్రి తొమ్మిది దాటినా పోయేది కాదు. ఆ పల్చటి ఎండలో ఇటుకలన్నీ ఇప్పుడే కాల్చి తీసినట్టు ఉండేవి. నాకు బాగుండేది. బాగుండేదని ఎవరికైనా చెబితే 'మీ దేశంలో ఇలాంటివి ఉండవా' అని అడిగేవారు. అందుకని చెప్పడం మానేశాను.

రెండో శనివారమే నాకు అవమానం జరిగింది. పార్కులో బెంచీ మీద కుక్కతో కూర్చున్న ముసలాయన్ని తీశాను. ఆయన లేచి వచ్చి, వేలు చూపిస్తూ అందరి ముందూ ఆ ఫోటో చెరిపించాడు. చెరిగిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. పెద్దావిడ నన్ను వెనకేసుకు రాలేదు. "మనిషి ముఖం అతనిది. ఇంటి ముఖం వీధిది. ఇల్లు ఎంతైనా తీసుకో, మనిషి పక్కకి వెళ్లేదాకా ఆగు" అన్నారు ఇంగ్లీషులో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. సరే, రూలు రూలే అనుకున్నాను. ఆ రోజు నుంచి నా ఫోటోలో మనిషి నీడ కూడా పడనివ్వలేదు. వాళ్లలో కొందరు ఆ రూలు తప్పేవారు. నేను తప్పలేదు.

ప్రదర్శనలో పెట్టిన నా ఫోటో హాంబర్గ్ రేవు దగ్గర పాత గిడ్డంగులది. కాలవల పక్కన ఎర్రిటుకల గిడ్డంగులు వరసగా ఉంటాయి. ప్రతి దాని నెత్తిమీదా సరుకు పైకి లాగే కప్పీ, కింద కొక్కెం. ఒకప్పుడు కాఫీ, తేయాకు, మిరియాలు పడవల్లోంచి ఆ కొక్కేలతోనే ఎక్కించేవారట. ఇప్పుడు ఆఫీసులూ తివాచీల కొట్లూ ఉన్నాయి. కప్పీ మాత్రం తియ్యలేదు, తుప్పు పట్టకుండా రంగు వేస్తారు. ఆ కొక్కెం చూస్తూ నిలబడితే నాకు మా బావ కొట్టు ముందు తక్కెడ వేలాడే కొక్కెం గుర్తొచ్చింది. ఇంకో శనివారం రైల్లో ల్యూబెక్ అనే ఊరు తీసుకెళ్లారు. అక్కడ ఏటి ఒడ్డున ఉప్పు నిలవ చేసిన గిడ్డంగులు ఉన్నాయి. వందల ఏళ్ల నాటివి, కొంచెం పక్కకి వాలి కూడా ఉన్నాయి. ఒకదానిలో బట్టల కొట్టు నడుస్తోంది. ఉప్పు దాచిన కొట్టుకి ఇంత మర్యాద ఇస్తే, బెల్లం అమ్మిన ఇంటికి ఎందుకు ఇవ్వకూడదు అని అప్పుడే అనిపించింది.

మా బావ అంటే మా అక్క భర్త. మూడు తరాలుగా బెల్లం వ్యాపారం. అనకాపల్లి మెయిన్ రోడ్డులోంచి బెల్లం మార్కెట్ వైపు తిరిగే పాత వీధిలో వాళ్ల తాత కట్టించిన మేడ ఉండేది. కింద కొట్టు, వెనక బెల్లం దిమ్మలు పేర్చే గది, పైన కాపురం. ముందు టేకు స్తంభాల వసారా, రెండు వైపులా అరుగులు. పైన వీధి పొడుగునా ఇనప ఊచల వరండా. వరండా మీద మూడు కమానులు, ఒక్కో కమాను నడినెత్తిన గచ్చుతో చేసిన చిలకల జంట. మధ్య కమానులో ఎరుపూ పచ్చా అద్దాలు. మా అక్క పెళ్లయిన కొత్తలో నేను వెళితే ఆ రంగులు మధ్యాహ్నం హాల్లో నేలమీద పడేవి. హాంబర్గ్ నడకల్లో పెట్టుంటే ఆ పెద్దావిడ ఆ ఇంటి ముందు అరపూట నిలబెట్టేవారు.

నేను తిరిగొచ్చాక ఫోటోలు చూపిద్దామని ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. బావ కొట్టు గల్లా దగ్గరే కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు:

"ఏటి బావా, ఇన్ని తీసేవు, ఒక్కదాంట్లో మనిసి లేడు. ఆ ఊర్లో మనుసుల్లేరేటి?"

"ఉన్నారు. అడక్కుండా తియ్యకూడదు. ఎవరి మొహం వాళ్లది."

"మరి ఇల్లుని అడిగేవా?"

లోపల్నుంచి మా అక్క నవ్వింది. నేను ఓపిగ్గా చెప్పాను, ఇంటి మొహం వీధిది, వీధిలో నిలబడి తీస్తే తప్పు లేదని.

"అయితే ఆ పని మన ఈదిలో మాత్రం సెయ్యకు," అన్నాడు బావ. "గోడని తీసేవంటే రోడ్డు ఎడల్పు సేసే సర్వేవోడివి అనుకుంటారు. తంతారు."

ఫోటోల గురించి అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ కొక్కెం ఫోటో చూసి కూడా అనలేదు. 'మనుసుల్లేరేటి' అన్న మాట తర్వాత రెండేళ్లు పెళ్లిళ్లలో, పేరంటాల్లో నాకు వినిపిస్తూనే ఉంది. ఎవరు కనిపించినా "ఏటి బావా, మనుసుల్లేని ఊరెల్లొచ్చేవట" అనేవారు.

ఆ తర్వాత అనకాపల్లి జిల్లా కేంద్రం అయింది. స్థలాల ధరలు పెరిగాయి. పాత వీధిలో ఒక్కొక్క మేడా పోయి, కింద షట్టర్లూ పైన ఫ్లాట్లూ రావడం మొదలైంది. ఒక బిల్డరు బావ చుట్టూ తిరుగుతున్నాడని అక్క ఫోన్లో చెప్పింది. బావకి ఇద్దరు తమ్ముళ్లు. చిన్నవాడు విశాఖపట్నంలో ఉంటాడు, అతనికి ఎప్పుడెప్పుడా అని ఉంది. పెద్ద తమ్ముడు మాత్రం తాత కట్టిన ఇల్లు పడగొట్టడానికి ఒప్పుకోవడం లేదు. బావ ఎటూ తేల్చడం లేదు. నాకు అక్కడ సందు దొరికిందనిపించింది. ఎవరూ ఆ ఇంటిని సరిగ్గా చూడలేదు. చూపిస్తే ఆగుతారు.

అందుకే ఆ వేసవిలో మన అనకాపల్లిలోనూ ఫోటో నడకలు మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం పొద్దున్న, ఎండ ముదరకముందు, ఒక పేట. వాట్సాప్‌లో పెడితే చాలామంది దండం బొమ్మలూ బొటనవేళ్లూ పంపారు. వచ్చింది ఒక్కడు. మెయిన్ రోడ్డులో పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో అతను. ముహూర్తాలు లేని నెల కావడంతో వచ్చాడని తర్వాత తెలిసింది.

బావ చెప్పినట్టే అయింది. మొదటి వీధిలో ఒకామె గుమ్మం కడుగుతూ చెంబు పక్కన పెట్టి లేచింది.

"సర్వేనా బాబూ?"

"కాదమ్మా. ఊరికే, ఫోటో."

"గోడని ఊరికే ఎవులు తీత్తారు? ఎంతవరకూ పోద్దో సెప్పీ బాబూ. మా మెట్లు ఉంటాయా, పోతాయా?"

ఉంటాయమ్మా అన్నాను. నేను అన్నాను కాబట్టి ఉంటాయని ఆమె వీధంతా చెప్పింది. వాళ్లూ వీళ్లూ వచ్చి మా మెట్లో, మా మెట్లో అని అడిగారు. ఇంకో వీధిలో ఇంకో తంతు. కమాను గుమ్మం బాగుందని కెమెరా ఎత్తగానే ఇంటాయన "ఉండండుండండి, చొక్కా ఏసుకొత్తాను" అని లోపలికి పరిగెత్తాడు. బయటికొచ్చేటప్పటికి ముసలమ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు, పక్కింటాయన, స్కూటరు. గుమ్మం కనపడితే ఒట్టు. పక్కకి జరగండి అంటే, "మమ్మల్ని తియ్యకుండా మా ఇంటినేటి తీత్తావు" అని ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. స్టూడియో అతను మాత్రం హాయిగా వాళ్లందరినీ తీసి, నంబరు ఇచ్చి వచ్చాడు. వచ్చే శ్రావణానికి వాళ్లింట్లో పెళ్లి ఉందట. నా నడకలో నడిచి వాడు బేరం తెచ్చుకున్నాడు.

పార్కు సంగతి చెప్పకపోవడమే మంచిది. చివర్లో కూర్చుని ఫోటోలు చూసుకోవడానికి పార్కుకి వెళితే గేటుకి తాళం. సాయంత్రమే తీస్తారట. గోడ పక్కన టీ బండి దగ్గర నిలబడి చూసుకున్నాం. నేను తీసినవి స్టూడియో అతను గబగబా జరిపేశాడు. "అన్నీ కాళీగా ఉన్నాయి సార్" అన్నాడు.

మూడో ఆదివారం బావ మేడ. పొద్దుటెండ ఆ వీధిలోకి ఏటవాలుగా వచ్చి, చిలకల కింద నీడ పడే సమయం ఒకటుంది. ముందు వారం చూసి పెట్టుకున్నాను. వీధిలో కెమెరా స్టాండు నిలబెట్టాను. అరుగు మీద బావ పేపరు చదువుతున్నాడు. లేచి లోపలికి వెళ్లమన్నాను, గొణుక్కుంటూ వెళ్లాడు. బెల్లం రిక్షా అతన్ని బతిమాలి పక్క సందులోకి పంపాను. ఆవు దానంతట అదే వెళ్లింది. ఇక మిగిలింది మా అక్క. పైన వరండాలో తువ్వాలు పరిచి వడియాలు పెడుతోంది.

"అక్కా, కొంచెం లోపలికెళ్లు."

"ఎందుకెళ్లాలిరా? పిండి ఆరిపోద్ది."

"ఒక్క నిమిషం. నువ్వుంటే ఇల్లు కనపడదు."

"నేనేటి అంత లావున్నానేట్రా?" అని ఊచల మీదనుంచి వంగింది. "సూడండి, నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటన్నాడు వీడు."

ఎదురు కొట్టు వాళ్లు నవ్వారు. అక్క పిండి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. తువ్వాలు అక్కడే వదిలేసింది. కేకేద్దామనుకున్నాను గాని, నీడ జరిగిపోతోంది. తీశాను.

నేను తీసినవాటిలో అలాంటిది ఇంకోటి లేదు. చిలకల ముక్కులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. టేకు స్తంభాల మీద తరాల తరబడి బెల్లం చేతులు తాకి నల్లబడ్డ చోటు మెరుస్తోంది. ఒక్క మనిషి లేడు, ఒక్క బండి లేదు. హాంబర్గ్ పెద్దావిడకి ఈమెయిల్‌లో పంపాను. జవాబు వచ్చింది. 'ప్రియమైన మిత్రమా' అని మొదలుపెట్టారు, ఈసారి కూడా నా పేరు లేదు. చాలా గొప్ప ఇల్లు, ఇది ప్రభుత్వ రక్షణలో ఉందా అని అడిగారు. మా బావ రక్షణలో ఉంది అని రాయబోయి, తర్వాత రాద్దాంలే అని ఆగాను.

ఆ ఫోటో పెద్దది చేయించి, అన్నదమ్ములు ముగ్గురూ కలిసిన రోజు చూపించాలని నా ఆలోచన. స్టూడియో అతనికి ఫైలు ఇచ్చాను. మందంగా, టేకు రంగు ఫ్రేము కట్టించాడు. వాళ్ల తాత తద్దినానికి అందరూ వచ్చినప్పుడు తీసుకెళ్లి హాల్లో గోడకి ఆనించి పెట్టాను. భోజనాలయ్యాక ముగ్గురూ దాని ముందు నిలబడ్డారు.

"ఇది మనిల్లేనేటి?" అన్నాడు విశాఖపట్నం తమ్ముడు.

"తాత కట్టినప్పుడు ఇలాగే ఉండుంటాది," అన్నాడు పెద్ద తమ్ముడు. కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

బావ నా భుజం మీద చెయ్యేశాడు. "మంచి పని సేసేవు బావా" అన్నాడు. ఆయన నోటివెంట అలాంటి మాట నేను మళ్లీ వినలేదు, అంతకుముందూ వినలేదు. అప్పటికప్పుడే మేకు తెప్పించి, హాల్లో తూర్పు గోడకి, వాళ్ల తాత ఫోటో, నాన్న ఫోటో ఉన్న వరసలో మూడోదిగా దీన్ని తగిలించారు. అంత గౌరవమైన చోటు ఇచ్చారని నేను పొంగిపోయాను. ఇల్లు నిలబడిందనే అనుకున్నాను.

అక్క మాత్రం వంటింట్లో నాకు మజ్జిగ ఇస్తూ అంది:

"ఫోటో బాగుందిరా. నువ్వు ఈదిలోంచి సూత్తావు కాబట్టి బాగుంది. పెరడు దాటి బాత్రూంకి ఎల్లేది నేను. ఆ మెట్లెక్కితే నా మోకాళ్లు ఏటంటాయో నీ కెమెరాకి తెల్సా?"

"మెట్లకి పట్టుకోడానికి కమ్మీ పెట్టించమను. బాత్రూం పైన కట్టించమను. ఇల్లు పడగొట్టడం దేనికి?"

"పాతికేళ్ల నుంచి అంటన్నాను. మీ బావ కట్టించేడా?"

జర్మనీలో అయితే బయటి గోడ అలాగే ఉంచి లోపల అన్నీ మార్చుకుంటారని చెప్పాను. "ఈల్లకి సెప్పు" అని హాలు వైపు చూపించింది. చెప్పాను కూడా. బావ తలాడించాడు. సూద్దాం అన్నాడు.

తర్వాత కొన్ని వారాలు నాకు కంపెనీలో ఆడిట్ పని. ఆదివారాలు కూడా పరవాడలోనే. ఆ పని అయ్యాక ఒక సాయంత్రం కంపెనీ బస్సు దిగి పాత వీధి మలుపు తిరిగాను. మలుపులో కరెంటు స్తంభాలకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. నా ఫోటో. చిలకలూ కమానులూ స్తంభాలూ అన్నీ నావే. దాని మీద అడ్డంగా ఎర్ర అక్షరాల్లో 'నూతన వాణిజ్య సముదాయ శంకుస్థాపన మహోత్సవమునకు విచ్చేయు పెద్దలకు స్వాగతం సుస్వాగతం'. మధ్యలో బిల్డరు నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి. ఆయన చుట్టూ గుండ్రాల్లో తలకాయలు. బావ, తమ్ముళ్లు, వార్డు పెద్దలు, ఇసక తోలే ఆయన. మా అక్కని నేను పొమ్మన్న వరండా చోట సిమెంటు ఏజెన్సీ ఆయన తలకాయ నవ్వుతోంది.

నా తలకాయ ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

ముందు స్టూడియోకి వెళ్లాను. అతను కుర్చీ వేశాడు, టీ తెప్పించబోయాడు.

"ఆ ఫ్లెక్సీకి నా ఫోటో ఎవరిచ్చారు?"

"ఫైలు నా కాడే ఉంది కదా సార్. మీ బావగారు అర్జెంటని సెప్పేరు. పాత ఇల్లు కూడా ఎక్కడో కనిపించాలి అన్నారు." తర్వాత నన్ను సంతోషపెడదామని అన్నాడు: "మీది బేక్‌గ్రౌండ్‌కి బ్రెమ్మాండంగా సరిపోయింది సార్. మనుసులు లేరు కదా. కాళీ ఎక్కువ. ఎంతమందిని ఎట్టినా పట్టేసేరు."

"నన్ను ఒక్క మాట అడగాలి కదా."

"ఇల్లుగలాయన సెప్పేక ఇంకెవుల్ని అడగాలి సార్?"

దానికి జవాబు వెతుక్కుంటూ మేడకి వెళ్లాను. కొట్టు సగం ఖాళీ. దిమ్మల గదిలో దిమ్మల్లేవు, నేల మీద చీమలున్నాయి. పైకి వెళ్లాను. బావ హాల్లో నేలమీద కూర్చుని పూజకి వత్తులు చేస్తున్నాడు. తూర్పు గోడ చూశాను. తాతకి దండ, నాన్నకి దండ. పక్కన నా ఫోటోకి కూడా దండ వేశారు. బంతిపూల దండ, కొత్తది. ఫ్రేము అద్దం మీద మూడు బొట్లు.

"ఇదేటి బావా?" అన్నాను.

"పంతులుగారు ఎయ్యమన్నారు. తాతదీ నాన్నదీ తుడిసేక దాన్నొక్కదాన్నీ ఎలా వొదిలేత్తాం?"

"నేను ఫోటో తీసింది ఇల్లు ఉంచుతారని."

బావ వత్తులు చేస్తున్న చెయ్యి ఆపాడు. కోపం లేదు అతని ముఖంలో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఉంచేం కదా బావా," అని గోడ చూపించాడు. "ఇన్నాళ్లూ పెద తమ్ముడు ఒప్పుకోలేదు. తాత కట్టిన ఇల్లు సేతులారా పడగొడతామా అనీవోడు. నువ్వు ఆ ఫోటో తెచ్చేక, దాన్ని అక్కడ తగిలించేక, ఆడే అన్నాడు. ఇంక పర్లేదన్నయ్యా, తాతా ఉన్నాడు, నాన్నా ఉన్నాడు, ఇల్లూ ఉంది, రేపు కట్టిన దాంట్లోకి ముగ్గుర్నీ తీసుకెల్దాం అన్నాడు. నీ దయవల్ల అన్నదమ్ముల మజ్జిన మాట రాకుండా అయిపోయింది."

మా ఇళ్లల్లో గోడమీద అంత పెద్ద ఫ్రేములో ఎవరు ఉంటారో నాకు తెలియదా. మా ఇంట్లోనూ మా నాన్న ఉన్నాడు. పోయినవాళ్లే ఉంటారు. ఆ వరసలో తగిలిస్తున్నప్పుడు వాళ్లెవరూ నోరెత్తి చెప్పలేదు. ఆ సంగతి అప్పుడే అందరికీ తట్టింది, నాకు తప్ప. పైగా మంచి పని చేశావన్నారు. దండ తియ్యమని అడిగాను. శంకుస్థాపన అయ్యేదాకా తియ్యకూడదన్నాడు. ఆ ఫ్లెక్సీలో నన్ను ఎందుకు వెయ్యలేదని కూడా అడిగాను. బావ నిజంగానే నొచ్చుకున్నాడు. "నీ ఫోటో మా కాడ ఒక్కటీ లేదు బావా. నువ్వు ఎప్పుడూ కెమెరా ఎనకాలే కదా ఉంటావు."

శంకుస్థాపన పెరట్లో అయిపోయింది. మేడ పడగొట్టిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సెలవు పెట్టలేదు. ఎందుకు పెట్టాలి. ఒక్కటే అడిగాను, గచ్చు చిలకల్లో ఒక జంట విరగకుండా దింపి పక్కన పెట్టమని. బిల్డరు మేస్త్రీ "అలాగే సార్, తప్పకుండా సార్" అన్నాడు. సాయంత్రం వెళ్లేసరికి వీధిలో ఎప్పుడూ లేనంత వెలుతురు ఉంది. మేడ ఉన్న చోట ఆకాశం కనపడుతోంది. చిలకలేవీ అని అడిగితే, "అవి పొడైపోనాయి సార్, పునాదిలోకి పనికొత్తాయి" అన్నాడు. టేకు స్తంభాలు అప్పటికే ఎవరో లారీలో పట్టుకుపోయారు. కెమెరా సంచీ భుజానే ఉంది. బయటికి తియ్యలేదు. దండం పెట్టే బిల్డరు ఫ్లెక్సీని విప్పి సిమెంటు బస్తాల మీద కప్పారు. వాన వస్తుందని. మేడ తలకిందులుగా పడుకుని ఉంది. దాని మీద ఇటుకలు బరువు పెట్టారు.

నడకలు మానేశాను. మానేశానని వాట్సాప్‌లో పెడితే ఎవరూ ఎందుకని అడగలేదు. బొటనవేలు పెట్టారు. ల్యాప్‌టాప్‌లో పెద్దావిడ ఈమెయిల్ ఇంకా అలాగే ఉంది, ఇది ప్రభుత్వ రక్షణలో ఉందా అని. ఏం రాయాలి.

ఇప్పుడు అక్కా బావా స్టేషన్ దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్నారు. కాంప్లెక్స్ లేచేదాకా అన్నారు. గోడలు లేచిన చోటే ఆగిపోయి చాలాకాలమైంది, బిల్డరు ఫోన్ ఎత్తడు. ఆ ఇంట్లో బాత్రూం పడగ్గది పక్కనే ఉంది. మెట్లు లేవు. అక్క మోకాళ్లు అలాగే ఉన్నాయి. ముందు గది చిన్నది, గోడకి మేకులు దిగవు. తాతనీ నాన్ననీ ఇల్లునీ ఫ్రిజ్ మీద నిలబెట్టారు. ప్లాస్టిక్ దండలు వేశారు. మేడ ఫ్రేముకి అడుగున బంగారు అక్షరాల్లో స్టూడియో పేరు ఉంది. నా పేరు ఇక్కడా లేదు.

మొన్న వెళ్లినప్పుడు ఆ సంగతే అంటున్నాను. అక్క వినడం లేదు. ఫ్రిజ్‌లోంచి పెరుగు తీయబోయి, ఆగి, ఫోటోలో పైవరండా దగ్గర వేలు పెట్టింది. ఊచల వెనక ఎడమ కొసన తెల్లగా చిన్న మరక లాంటిది ఉంది.

"ఈ తువ్వాలు నాది," అంది. "వడియాలు సగమే ఎట్టేను. నువ్వు లోపలికి పొమ్మన్నావు."

"ఫోటోలో మనిషి ఉండకూడదక్కా. అది రూలు."

"అవును మరి," అని పెరుగు గిన్నె తీసుకుంది. "ఇక్కడ వరండా లేదు. ఇల్లుగలోల్లు మేడ మీదకి ఎల్లనివ్వరు. ఈ యేడు వడియాలు కొనుక్కోవాలి."